గుడారం ఎక్కడ వెయ్యాలి? అమ్రాబాద్ అడవిలో మకాంల చరిత్ర

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్‌తో మొదలైంది. అమెరికాలో ఉన్న మా కజిన్ ఒకడు ఫ్యామిలీతో డిస్నీ వరల్డ్ పోతున్నాడు. హోటల్లో దిగట్లేదు. ఆర్‌వీ అంటారు చూడండి, వంటగది, మంచాలు, బాత్‌రూమ్ అన్నీ లోపలే ఉండే పెద్ద బండి, అది అద్దెకు తీసుకున్నాడు. ఆ బండి పెట్టుకోవడానికి డిస్నీ వాళ్ళదే ఒక క్యాంప్‌గ్రౌండ్ ఉంది. పేరు ఫోర్ట్ వైల్డర్‌నెస్. ఫ్లోరిడాలో 1971 నవంబర్‌లో మొదలైంది. ఎనిమిది వందల దాకా సైట్లు, చెట్ల మధ్య గుండ్రంగా తిరిగే వీధులు. వాటిని లూప్స్ అంటారు. మావాడి ప్రశ్న ఒక్కటే: "ఏ లూప్ తీసుకోవాలి రా?"

పడవ ఎక్కే చోటికి దగ్గరున్నది తీసుకుంటే రేటు ఎక్కువ. బస్టాప్ పక్కన తీసుకుంటే సౌకర్యమే కానీ చప్పుడు. కుక్కను తీసుకెళ్తే కొన్ని లూపుల్లోనే ఉండనిస్తారు. నీళ్ళ పైపు, కరెంటు ప్లగ్గు, మురుగు పోయే గొట్టం, ఈ మూడూ సైట్ దగ్గరే ఉన్నాయా లేదా? నీడ ఉందా? మావాడు రెండు వారాలు దీని మీదే కూర్చున్నాడు.

నేను నవ్వుకున్నా. తర్వాత ఆలోచిస్తే నవ్వడానికి ఏమీ లేదనిపించింది. నీళ్ళు ఎంత దూరం, నీడ ఎక్కడ, పక్కన ఎవరు, రాత్రి చప్పుడేంటి, డబ్బులెంత... ఈ ప్రశ్నలు మన నల్లమలలో మనుషులు కొన్ని వందల ఏళ్ళుగా వేసుకుంటున్నవే. అదీ మన పాలమూరు జిల్లాలోనే, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్‌లో. కాబట్టి ఈరోజు డిస్నీ కాదు, అమ్రాబాద్. అడవిలో ఎక్కడ పడుకోవాలో ఎవరు, ఎప్పుడు, ఎలా తేల్చుకున్నారు? ఆ నిర్ణయం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

(మ్యాప్ చూపిస్తూ) హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు అందరికీ తెలుసు. అచ్చంపేట దగ్గర దాటి, ఘాట్ ఎక్కితే మన్ననూరు. అక్కడే ఫారెస్ట్ చెక్‌పోస్ట్. అది దాటితే ఇక అడవే. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను వదలరు. ఈ సంగతి తెలిసి కూడా నేను ఒకసారి తొమ్మిదిన్నరకు చేరుకున్నా. తప్పు నాదే, దారిలో చాయ్‌ల మీద చాయ్‌లు తాగుతూ పోయినం. మేం నలుగురం, ఒక పాత వ్యాన్, వెనక ఒక పరుపు. మా సొంత ఆర్‌వీ అన్నమాట. ఆ రాత్రి గేటు ఇవతలే బండి ఆపుకుని పడుకున్నాం. దోమలు మాతో చాలాసేపు మాట్లాడాయి. పొద్దున చాయ్ దుకాణంలో ఒక పెద్దాయన, "లోపల ఎక్కడ ఆగుదామనుకున్నరు బిడ్డా?" అని అడిగిండు. "నీళ్ళ పక్కన ఎక్కడైనా" అన్నా. ఆయన గ్లాసు కింద పెట్టి, "నీళ్ళ పక్కన పండుకుంటవా? నువ్వొక్కనివే తాగుతవా ఆ నీళ్ళు?" అన్నడు.

ఆ ఒక్క మాటలో మొత్తం సబ్జెక్టు ఉంది. నీళ్ళు కావాలి. కానీ ఎండాకాలం అడవిలో నీళ్ళున్న చోటికి రాత్రిపూట దుప్పి వస్తుంది, పంది వస్తుంది, ఎలుగు వస్తుంది. వాటి వెనకాల పులి వస్తుంది. నీళ్ళకు దగ్గరగా ఉండాలి, నీళ్ళ దారికి అడ్డంగా ఉండకూడదు. ఫోర్ట్ వైల్డర్‌నెస్‌లో నీళ్ళు పైపులోంచి సైట్ దగ్గరకే వస్తాయి కాబట్టి ఈ లెక్క అక్కడ అవసరం లేదు.

అమ్రాబాద్‌లో నీళ్ళ కష్టం ఎందుకో ఒక్క నిమిషం చెప్తా. ఈ పీఠభూమి రెండు మెట్లుగా ఉంటుంది. కింది మెట్టు మీద అమ్రాబాద్ ఊరు, పొలాలు. పై మెట్టు మీద అసలైన అడవి, ఫరహాబాద్ వైపు. రాయి అంతా క్వార్ట్‌జైట్, మహా గట్టి రాయి. వాన పడినప్పుడు వాగులు పొంగుతాయి, కానీ నీళ్ళు నిలవవు. దక్షిణాన కృష్ణానది ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఎంతో లోతున, లోయ అడుగున. పైనుంచి చూస్తే కనిపిస్తుంది, దాహం తీరదు. అందుకే ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో తడి ఆరని ఒక గుండం, ఇసుకలో చేత్తో తవ్వుకునే ఒక చెలమ, ఇవే మనిషి ఎక్కడ ఉండాలో తేల్చాయి.

ఊళ్ళ పేర్లు చూడండి. దోమలపెంట, ఈగలపెంట, కొల్లంపెంట. బయటివాళ్ళకు "పెంట" అనగానే నవ్వొస్తుంది, నాకూ చిన్నప్పుడు వచ్చేది. కానీ నల్లమలలో పెంట అంటే చెంచుల ఆవాసం. నాలుగైదు గుడిసెలు కావచ్చు, పదిహేను కావచ్చు. దోమలపెంట, ఈగలపెంట పేర్ల వెనక కథ ఏదైనా కానీ, నాకైతే అవి గూగుల్ మ్యాప్స్‌లో వన్ స్టార్ రివ్యూల్లా అనిపిస్తాయి! మిగతా పేర్లు కూడా అంతే, చోటు ఎలా ఉంటుందో చెప్పేస్తాయి. కుడిచింతలబైలు: చింతచెట్లు, బైలు అంటే విడిగా ఉన్న మైదానం. తాటిగుండాల: తాటిచెట్టు, నీటిగుండం. మేడిమల్కల: మేడిచెట్టు. ఎవరో ఎప్పుడో అక్కడ నిలబడి చెట్టు చూసి, నీళ్ళు చూసి, పేరు పెట్టేశారు. ఇప్పుడు వీటి పక్కన ఫరహాబాద్ పేరు పెట్టి చూడండి. ఫరహ్ అంటే సంతోషం. ఇంగ్లీషు వాళ్ళు మౌంట్ ప్లెజెంట్ అన్నారు. అక్కడ చెట్టూ లేదు, నీళ్ళూ లేవు పేరులో. వచ్చినవాడి మూడ్ ఉంది. ఆ పేరు పెట్టినవాళ్ళకు నీళ్ళు మోసుకొచ్చేవాళ్ళు వేరే ఉన్నారు, అందుకని.

సరే, చెంచుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఈ కథలో అసలు నిపుణులు వాళ్ళే.

చెంచులు ఒకే చోట ఎప్పుడూ ఉండరు అని కొందరు, ఎప్పుడూ అక్కడే ఉన్నారు అని కొందరు రాస్తుంటారు. రెండూ పూర్తిగా నిజం కాదు. 1940లో ఇక్కడికి వచ్చి నెలల తరబడి ఉన్న ఒక మనిషి వివరంగా రాసిపెట్టాడు. పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టాడు, మానవశాస్త్రవేత్త. ఆయన అమ్రాబాద్ ఎలా వచ్చాడన్నది సినిమా కథే. 1939లో ఇండియాకు వచ్చాడు, రాగానే రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అప్పటికే హిట్లర్ కలిపేసుకున్నాడు కాబట్టి ఈయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ళ దృష్టిలో శత్రుదేశపు మనిషి. చివరికి హైదరాబాద్ సంస్థానం దాటకూడదన్న షరతు మీద ఉండనిచ్చారు. నిజాం ప్రభుత్వం పరిశోధనకు ఒప్పుకుంది. అలా ఆయన, ఆయన భార్య బెట్టీ అమ్రాబాద్ అడవిలో మకాం వేశారు. ఎక్కడ ఉండాలో ఎంచుకునే స్వేచ్ఛ లేని మనిషి, ఎక్కడ ఉండాలో ఋతువుకోసారి ఎంచుకునే మనుషుల గురించి రాశాడు. 1943లో లండన్‌లో ఆ పుస్తకం అచ్చయింది, పేరులో చెంచుల్ని "దక్కన్ అడవి జనం" అన్నాడు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ అనే విద్యాసంస్థ దగ్గర ఉన్నాయి, చాలావాటిని ఫోన్‌లోనే చూడొచ్చు. గుండ్రటి గుడిసెలు, కోసుగా ఉండే గడ్డి కప్పు, వెదురు తడికె గోడ. ఒకసారి తప్పకుండా చూడండి.

ఆయన చూసిన పద్ధతి ఇదీ. వానాకాలం, చలికాలం పెంటలో. అక్కడ గట్టి గుడిసె ఉంటుంది, వాన ఆపుతుంది. ఎండలు ముదిరి గుండాలు ఎండాక, నీళ్ళున్న వైపు కదులుతారు. అక్కడ గుడిసె కట్టరు. ఆకులు, కొమ్మలు వేసి నీడ చేసుకుంటారు, అంతే. ఎండాకాలంలో గోడ ఎందుకు? గాలి రావాలి. ఇప్పపూల కాలంలో, అంటే మార్చి, ఏప్రిల్‌లో, ఇప్పచెట్లున్న చోట మకాం. తెల్లవారేసరికి చెట్టు కింద పూలు రాలి ఉంటాయి, వాటిని ఏరుకోవాలి. ఇక్కడో చిక్కు ఉంది. ఎలుగుబంటికి కూడా ఇప్పపువ్వంటే ప్రాణం. అంటే చెట్టుకు మరీ దూరంగా ఉంటే పూలు పోతాయి, మరీ దగ్గరగా ఉంటే తెల్లారుజామున పెద్దమనిషి ఎదురొస్తాడు. లొకేషన్ ప్రీమియం అంటే ఇదే మరి.

ఇంకోటి. ఎవరు ఎక్కడ పడితే అక్కడ దిగడానికి లేదు. ఒక్కో గుంపుకు ఒక్కో అడవి హద్దు ఉంటుంది. ఆ హద్దులో గడ్డలు తవ్వుకోవచ్చు, తేనె తీసుకోవచ్చు. పెళ్ళి సంబంధం ఉంటే అత్తగారి పెంట వైపు కూడా పోయి ఉండొచ్చు. అంటే బుకింగ్ సిస్టమ్ ఉంది, కాకపోతే అది యాప్‌లో లేదు, చుట్టరికంలో ఉంది. ఇక సామాను సంగతి: రెండు మూడు కుండలు, బుట్టలు, గడ్డలు తవ్వే ఇనుప మొన కర్ర, గొడ్డలి, విల్లు. ఒక పూటలో మొత్తం ఇల్లు భుజాన వేసుకుని కదలగలరు. మా కజిన్ బండి బరువు ఎంతో నేను అడగలేదు.

వీళ్ళు కాక అమ్రాబాద్‌లో రాత్రిపూట మకాం వేసే ఇంకో జట్టు ఉంది, పశువుల కాపరులు. మీలో రైతు కుటుంబాల వాళ్ళకు "తూర్పు ఎద్దులు" అనే మాట తెలిసే ఉంటుంది. ఒంటి మీద తెల్ల, ఎర్ర పొడలుండే అమ్రాబాద్ పశువులు. పొడ తూర్పు పేరుతో ఈ మధ్యే దేశీ జాతిగా అధికారిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ మందల్ని అడవిలోకి తోలుకుపోయి నెలల తరబడి అక్కడే ఉండేవాళ్ళు. పశువుల మందతో ఉన్నవాడు మకాం ఎంచుకునే లెక్క వేరు. వాడికి మనిషి తాగే చెలమ చాలదు, రెండొందల మూతులు ఒకేసారి పెట్టే నీళ్ళు కావాలి. రాత్రి దొడ్డి కట్టడానికి ముళ్ళకంప దొరకాలి. చెంచులకు ఒక చోటు మంచిదైతే, మందకు అది పనికిరాకపోవచ్చు. ఇద్దరికీ మంచిదైన చోట తగాదా తప్పదు.

ఇక మూడోవాళ్ళు, యాత్రికులు. వీళ్ళ కథ చాలా పాతది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు కదా: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఆ ఉత్తర ద్వారం మన అచ్చంపేట పక్కన రంగాపురం దగ్గర, గుట్ట కొమ్మున ఉంది. బస్సులు లేని రోజుల్లో తెలంగాణ వైపు జనం ఈ అడవి దాటి, కింద కృష్ణ దగ్గరకు దిగి, పుట్టిలో అవతలికి పోయి శ్రీశైలం ఎక్కేవాళ్ళు. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అని ఒక భాగమే పెట్టాడు, శ్రీశైల యాత్ర గురించి. అంటే అప్పటికే అది జనం తండోపతండాలుగా నడిచే దారి.

యాత్రలో మకాం గురించి మన భాషలో అందరికన్నా శ్రద్ధగా రాసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీ దాకా వెళ్ళి, 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. ఒక్కడే పోలేదు, పల్లకీ బోయీలతో, పనివాళ్ళతో కలిపి వందమంది దాకా పరివారం, డేరాలు. కదిలే ఊరు అనుకోండి. దారిపొడవునా స్నేహితుడికి ఉత్తరాలు రాశాడు. అవే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. ఆ పుస్తకం చదివితే మీకు అర్థమయ్యేది, ఆయన ప్రతి మజిలీనీ ఒకే పద్ధతిలో కొలుస్తాడు. నీళ్ళు బాగున్నాయా, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి జాగా ఉందా, దారి ఎలా ఉంది. ఈ రోజు ట్రావెల్ వ్లాగర్లు చేసేదే, రెండొందల ఏళ్ళ కింద ఒక ఆయన కలంతో చేశాడు, డ్రోన్ షాట్ తప్ప అన్నీ ఉన్నాయి.

ఆయన శ్రీశైలం ఎక్కింది మన వైపు నుంచి కాదు, కర్నూలు వైపు నుంచి. ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, ఇదీ వరస. పెద్దచెరువు పేరులోనే మజిలీ ఎందుకు పడిందో ఉంది. దర్శనం చేసుకుని, కృష్ణ దాటి, వనపర్తి, జడ్చర్ల మీదుగా హైదరాబాద్ పోయాడు. అంటే అమ్రాబాద్ గుట్టలు ఆయన కుడిచేతి వైపు ఉండిపోయాయి. వందమందితో, పల్లకీతో ఆ గుట్టల్లోకి రావడం కుదిరే పని కాదు. ఆ కాలంలో శ్రీశైలం యాత్రికుల దగ్గర కర్నూలు నవాబు పన్ను వసూలు చేసేవాడు. గేటు దగ్గర ఎంట్రీ ఫీజు మన కాలం కనిపెట్టింది కాదు.

ఒక చిన్న పక్కదారి. మకాం, మజిలీ అరబ్బీ నుంచి మనకొచ్చిన మాటలు. డేరా ఉర్దూ వైపు నుంచి వచ్చింది. విడిది మాత్రం మనదే. సుల్తానుల సైన్యాలు ఎక్కడ ఆగితే అక్కడ మాటలు వదిలేసి పోయాయి. పెళ్ళివారి విడిదింటికి ఎవరూ మకాం అనరు, ఫారెస్టు ఆఫీసరు క్యాంపుకు ఎవరూ విడిది అనరు. ఎవరు దిగారన్నదాన్ని బట్టి మాట మారుతుంది.

యాత్రికుల మకాం ఇప్పటికీ కళ్ళారా చూడాలంటే చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోవాలి. ఏడాదికి ఆ కొద్దిరోజులే అడవి తెరుస్తారు. బండ్లు కొంతదూరమే పోతాయి, తర్వాత నడక, లోయలోకి దిగుడు, అడుగున జలపాతం, గుహలో లింగమయ్య. అక్కడ పూజ చేసేది చెంచులే. పోయేటప్పుడు వస్తున్నామని, తిరిగేటప్పుడు వెళ్ళొస్తామని లింగమయ్యకు కేకేసి చెప్తారు. ఎండాకాలం నడిమధ్యలో, చుట్టూ రాయి కాగుతున్నప్పుడు, నీళ్ళు పడే ఒకే ఒక్క లోయకు వేలమంది పోవడం. దేవుడి సంగతి దేవుడెరుగు, చోటు ఎంపిక మాత్రం అమోఘం.

ఇప్పుడు ఫరహాబాద్‌కు వద్దాం. నిజాం రోజుల్లో ఇది షికారు అడవి. వ్యూపాయింట్ దారిలో పాత వేట బంగళా శిథిలాలు ఇప్పటికీ కనిపిస్తాయి. మన్ననూరు దగ్గర గుట్ట మీద ఉన్న పాత గోడల్ని స్థానికులు ప్రతాపరుద్రుడి కోట అంటారు, అదంతా వేరే ఎపిసోడ్. షికారు మకాంకు నీళ్ళు, నీడ కన్నా ముఖ్యమైనవి రెండు: చూపు, చల్లదనం. అందుకే గుట్ట అంచున కట్టుకున్నారు. కింద మైళ్ళ కొద్దీ అడవి, కనుచూపు మేర ఆకాశం. ఇవాళ మనం రిసార్టు బుక్ చేసేటప్పుడు "వ్యూ ఉందా?" అని అడుగుతాం చూడండి, ఆ ప్రశ్న చెంచుది కాదు, యాత్రికుడిది కాదు, మందకాపరిది అసలే కాదు. అది షికారువాళ్ళ ప్రశ్న. మనం వాళ్ళ వారసులం ఆ విషయంలో. ఒప్పుకోవడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది కానీ నిజం.

హైమెన్‌డార్ఫ్ నివేదికల ఫలితంగా 1940లలో నిజాం ప్రభుత్వం ఒక పని చేసింది. పై మెట్టు మీద సుమారు లక్ష ఎకరాలు చెంచుల రిజర్వ్‌గా పక్కన పెట్టింది. అందులో వాళ్ళ అడవి హక్కులకు రక్షణ. మొత్తం కథలో ఎక్కడ ఉండాలన్నది చెంచులకే వదిలేస్తూ ప్రభుత్వం కాగితం మీద రాసిచ్చిన సందర్భం ఇది. ఎంత బాగా అమలైందన్నది పక్కన పెడితే, అలాంటి ఆలోచన ఒకటి వచ్చింది.

తర్వాత ఏం జరిగిందో చకచకా చెప్తా. నాగార్జునసాగర్ 1967లో, శ్రీశైలం డ్యామ్ 1980ల మొదట్లో పూర్తయ్యాయి. ఈ అడవి కింద పారే కృష్ణ ఒడ్డు రెండు జలాశయాల అంచుగా మారిపోయింది. ఎండాకాలం నది దగ్గరకు దిగే మకాంల లెక్కంతా మారింది. దోమలపెంట, ఈగలపెంట ప్రాజెక్టు కాలనీలయ్యాయి. హైదరాబాద్ రోడ్డు పడింది, పుట్టి అవసరం పోయింది. 1983లో ఈ అడవి నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగమైంది. రాష్ట్రం విడిపోయాక, 2015లో మన వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది: 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో 2,166 కోర్ ఏరియా. దేశంలో పెద్ద పులుల అడవుల్లో ఇదొకటి.

కోర్ అంటే ఏంటో కొంచెం నెమ్మదిగా వినండి, ఎందుకంటే అసలు విషయం ఇక్కడుంది. 2006లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు, కోర్‌లో మనుషుల అలికిడి లేకుండా ఉంచాలన్నారు. లోపల ఉన్న కుటుంబాలు ఇష్టపడితేనే, గ్రామసభ ఒప్పుకుంటేనే బయటికి తరలించాలి. అదే ఏడాది అటవీ హక్కుల చట్టం వచ్చింది, అడవిలో తరతరాలుగా ఉన్నవాళ్ళ హక్కును ఒప్పుకుంది. రెండు చట్టాలూ ఒకే పెంటలోని ఒకే గుడిసె ముందుకు వచ్చి నిలబడ్డాయి. తరలింపుకు ఒక్కో కుటుంబానికి మొదట 10 లక్షలు అన్నారు, 2021లో అది 15 లక్షలైంది. డబ్బు వద్దనుకుంటే భూమి, ఇల్లు ఇచ్చే పద్ధతి ఇంకోటి. సార్లపల్లి, కుడిచింతలబైలు, తాటిగుండాల, కొల్లంపెంట, ఈ పేర్లు తరలింపు వార్తల్లో కనిపిస్తుంటాయి. ఇందాక చెట్టు, గుండం అని చెప్పుకున్నాం చూడండి, అవే పేర్లు.

కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్ళను తప్పు పట్టడానికి నేనెవరిని? పిల్లకు జ్వరమొస్తే రాళ్ళ దారిలో ఎంతసేపు మోసుకుపోవాలో వాళ్ళకు తెలుసు. స్కూలు, ఆసుపత్రి, కరెంటు, ఇవి కూడా మకాం ఎంపికలో లెక్కలే. ఒప్పుకోనివాళ్ళ లెక్క కూడా తేలికైనది కాదు. 15 లక్షలకు బయట ఎకరం కొనొచ్చేమో, కానీ ఏ నెలలో ఏ గడ్డ ఎక్కడ ఊరుతుంది, ఏ గుండం మే నెలలో తడి ఉంటుంది అన్న తెలివి బయటి ఎకరంలో చెల్లదు. పులికి చోటు కావాలన్నది నిజమే. పులి బతకాలని నేనూ కోరుకుంటా. కానీ పులీ, చెంచూ ఒకే గుండం నీళ్ళు వేర్వేరు వేళల్లో తాగుతూ ఇంతకాలం ఉన్నారన్నది కూడా నిజమే కదా.

ఇదంతా జరుగుతుండగానే మన్ననూరులో పర్యాటకుల కోసం కాటేజీలు వచ్చాయి. టైగర్ స్టే అని ప్యాకేజీ ఉంది: రాత్రి బస, సఫారీ, ట్రెక్. నేను పోయి ఉన్నా, బాగుంది, దాచను. సఫారీ బండి నడిపేవాళ్ళలో, దారి చూపేవాళ్ళలో చెంచు కుర్రాళ్ళు కూడా ఉన్నారు. మా గైడ్‌ను అడిగా, "మీకైతే ఇక్కడ ఎక్కడ పడుకోవడం ఇష్టం?" అని. కాసేపు ఆలోచించి, తమ పెంట వైపు చెయ్యి చూపించి, "అక్కడ గాలి ఇట్ల వస్తదన్నా, దోమ నిలవది" అన్నాడు. ఆ చోటు నుంచి వ్యూ ఏమీ లేదు. నేను ప్రత్యేకంగా అడిగా.

వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. కోర్ అడవిలో మీ ఇష్టమొచ్చిన చోట బండి ఆపి టెంట్ వేయకండి, అది నేరం. మన్ననూరు గేటుకు సాయంత్రమే చేరుకోండి, నాలాగా చాయ్‌లు తాగుతూ కూర్చోకండి. సలేశ్వరం పోతే నీళ్ళు మోసుకుపోండి, ఖాళీ సీసా తిరిగి తెచ్చుకోండి. ఎండిన వాగు ఇసుక మెత్తగా ఉంటుందని అందులో పడుకోవాలనిపిస్తుంది. అడవిలోనే కాదు, ఎక్కడా ఆ పని చేయకండి. పైన ఎక్కడో వాన పడితే మీకు తెలిసేలోపే నీళ్ళు వస్తాయి.

అన్నట్టు మా కజిన్ చివరికి పడవకు దగ్గరున్న లూప్ తీసుకున్నాడట. ఫొటోలు పంపాడు. పైన్ చెట్లు, పక్కన ఇంకో బండి, దాని పక్కన ఇంకోటి. "నీళ్ళు దగ్గరేనా?" అని అడిగితే, కుళాయి ఫొటో పెట్టాడు.

మీ ఊరి దగ్గర పెంట, చెలమ, గుండం, బైలు అన్న పేర్లతో చోట్లు ఉంటే కామెంట్లలో రాయండి. అక్కడ ఎవరు ఉండేవాళ్ళో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి మరీ రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని చదువుతా. ఉంటా మరి.